మునగాకా, సుబాబులా, వేపాకా: బ్రాయిలర్ దాణాలో ఏది మేలు?

దాణాలో మాంసకృత్తుల కోసం కలిపే సోయా చెక్క (సోయా గింజల నుంచి నూనె తీశాక మిగిలేది) ధర పెరిగిన ప్రతిసారీ కోళ్ల రైతుల చూపు చెట్ల ఆకుల వైపు మళ్లుతుంది. 2021లో ధర ఎంత పెరిగిందంటే, ఆ ఆగస్టులో 12 లక్షల టన్నుల జన్యుమార్పిడి సోయా చెక్క దిగుమతికి కేంద్ర ప్రభుత్వం అనుమతి ఇవ్వవలసి వచ్చింది. బ్రాయిలర్ పెంపకం ఖర్చులో సుమారు 70 శాతం దాణాదే కాబట్టి ఈ వెతుకులాట సహజమే. అయితే చాలామంది ఆకులను మాంసకృత్తుల శాతంతోనే పోల్చి చూస్తున్నారు. ఎండిన మునగాకులో మాంసకృత్తులు 25 నుంచి 30 శాతం ఉంటాయి, సుబాబుల్ ఆకులోనూ 20 శాతానికి పైగానే ఉంటాయి. ఆ లెక్కన రెండూ ఒకటేనని అనుకుంటే నష్టపోయేది రైతే.

బ్రాయిలర్ జీవితం ఆరు వారాలు. ఆ కొద్ది రోజుల్లో రెండు కిలోల బరువు రావాలంటే తిన్న ప్రతి గ్రాములోనూ శక్తి దండిగా ఉండాలి, పీచు తక్కువగా ఉండాలి. ఏ ఆకుపొడిలోనైనా మొక్కజొన్న కంటే శక్తి తక్కువ, పీచు ఎక్కువ. అందువల్ల ఆకులో ఉన్న పోషకంతో పాటు, దానితో కలిసి కోడి కడుపులోకి ఇంకేమేమి చేరుతుందో కూడా చూడాలి.

సుబాబుల్‌తో కలిసి చేరేది మైమోసిన్ అనే విష పదార్థం. ఇది లేత ఆకులో మరీ ఎక్కువ. మేకలు, పశువుల పొట్టలో దీనిని విరగ్గొట్టే సూక్ష్మజీవులు ఉండే అవకాశం ఉంది కాబట్టి వాటికి ఈ ఆకు మితంగా మంచి మేతే. కోడికి ఆ సదుపాయం లేదు. మేత తగ్గుతుంది, ఎదుగుదల కుంటుపడుతుంది. ఆకును నీటిలో నానబెట్టి ఆరబెడితే మైమోసిన్ చాలావరకు పోతుంది కానీ, ఆ నీటితో పాటు కరిగే పోషకాలు కొన్ని పోతాయి, కూలి ఖర్చు పెరుగుతుంది. ప్రకాశం, ఖమ్మం వంటి జిల్లాల్లో కాగితపు గుజ్జు కోసం సుబాబుల్ నరికినప్పుడు ఆకు ఊరికే దొరుకుతుంది. ఊరికే దొరికిందని దానిని బ్రాయిలర్ షెడ్డుకు తేవద్దనే నా సలహా. అది మేకల దొడ్డికి వెళ్లవలసిన ఆకు. దీనిలోని పసుపు వర్ణకాలు తోలుకు చక్కని రంగునిస్తాయన్న మాట నిజమే అయినా, తోలు తీసి అమ్మే మాంసానికి ఆ రంగుతో పనిలేదు.

మునగాకులో అంతటి విషం లేదు. మాంసకృత్తుల్లో భాగమైన లైసిన్, మిథియోనిన్ అనే అమైనో ఆమ్లాలతో పాటు విటమిన్ ఏ గా మారే కెరోటిన్లు, విటమిన్ ఈ కూడా అందుతాయి. అయినా హద్దు ఉంది. దాణాలో 5 శాతం దాటితే పీచు, సపోనిన్లు అనే చేదు పదార్థాల వల్ల బరువు తగ్గే ప్రమాదం పెరుగుతుంది. టన్ను దాణాలో 50 కిలోల మునగాకు పొడి వేస్తే అందులో సుమారు 13.5 కిలోల మాంసకృత్తులు వస్తాయి, అంటే 30 కిలోల సోయా చెక్కలో ఉన్నంత. ఫినిషర్ దాణాకు (అమ్మకానికి ముందు చివరి దశలో పెట్టే దాణాకు) కావలసిన మాంసకృత్తుల్లో ఇది దాదాపు 7 శాతమే. పైగా 30 కిలోల సోయా చెక్క బదులు 50 కిలోల ఆకు వేయడం వల్ల అదనంగా ఆక్రమించిన 20 కిలోల చోటులో పోయిన శక్తిని నూనెతో భర్తీ చేయాలి. ఆ 50 కిలోల పొడికి 200 నుంచి 250 కిలోల పచ్చి ఆకు కావాలి. కాబట్టి సొంత మునగ తోట ఉన్నవారికే ఇది గిట్టుబాటు. మనుషుల కోసం అమ్మే పొడిని కొని కలిపితే ఏ లెక్కా కుదరదు. ఆకును నీడలో ఆరబెట్టాలి. ఎర్రటి ఎండలో వేస్తే కెరోటిన్లు నశిస్తాయి, తడి మిగిలితే బూజు పట్టి మొత్తం దాణానే పాడవుతుంది.

వేపాకును ఈ రెండింటి పక్కన నిలబెట్టడమే సరికాదు. అది పోషకం కోసం వేసేది కాదు, రోగాలు రావన్న నమ్మకంతో వేసేది. మోతాదు పెరిగితే చేదుకు కోళ్లు మేత ముట్టడం తగ్గిస్తాయి. రక్తపారుడు రోగానికి (కాక్సిడియోసిస్) వేప చాలునని నమ్మి మందు మానేయడం, టీకా వాయిదా వేయడం చాలా ప్రమాదకరం.

కంపెనీ పిల్లలను, దాణాను ఇచ్చి పెంచడానికి ఒప్పందం చేసుకున్న షెడ్లలో ఇవేవీ కలపకూడదు. దాణా లెక్క వారిది, తేడా వస్తే కోత పడేది రైతుకు. సొంత దాణా ఆడించుకునేవారు మాత్రం మొదటి రెండు వారాలు పిల్లలకు ఆకుపొడి పెట్టకుండా, ఆ తర్వాత 3 శాతం మునగాకు పొడితో మొదలుపెట్టవచ్చు. షెడ్డులో ఒక మూలను వలతో రెండుగా విడదీసి, చెరో వంద కోళ్లను ఉంచి, ఒక వైపు మాత్రమే ఆకు వేసి, వారానికోసారి బరువునూ తిన్న మేతనూ రాసుకోవాలి. ఆకు తిన్న వైపు కోళ్లు అదే బరువుకు ఎక్కువ మేత తీసుకుంటే, శాతాన్ని తగ్గించి తర్వాతి బ్యాచ్‌లో మళ్లీ చూడాలి.