‘అర్థం’లో చుక్క: ఉబుంటు 24.04తో ఏడాదిన్నర

ఉబుంటు అంటే విండోస్‌లా కంప్యూటర్‌ను నడిపే లినక్స్ సిస్టమ్. దాన్ని ఇన్‌స్టాల్ చేయడం ఎలా, ఎంత ర్యామ్ కావాలి లాంటివి అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. నేను చెప్పాలనుకున్నది ఒక్క చుక్క గురించి.

బెంగళూరు మారతహళ్లిలో ఇంట్లోనే కూర్చుని తెలుగు పాఠ్యపుస్తకాల ప్రూఫులు దిద్దుతాను. మా పనిలో ‘అర్థం’ వేరు, ‘అర్ధం’ వేరు. మొదటిది భావం, రెండోది సగం. తేడా అంతా ‘ర’ కింద ఒదిగి ఉండే ఒత్తులో. థ ఒత్తు కడుపులో చుక్క ఉంటుంది, ధ ఒత్తులో ఉండదు. లెక్కల పుస్తకంలో ‘అర్ధవృత్తం’ బదులు ‘అర్థవృత్తం’ అని పడితే పిల్లలు దాన్నే నేర్చుకుంటారు.

పాత ల్యాప్‌టాప్ మీద ఏ ఇబ్బందీ లేదు. పద్నాలుగు అంగుళాల కొత్తది కొన్నాక అక్షరాలు మరీ చిన్నవిగా అనిపించి స్కేలింగ్, అంటే తెర మీద అన్నిటినీ పెద్దవి చేసి చూపే సెట్టింగ్, 125 శాతానికి పెంచాను. అక్కడ మొదలైంది బాధ. అక్షరాలు పెద్దవయ్యాయి గానీ తడి కాగితం మీద సిరాలా అంచులు అలుక్కుపోయాయి. ఒత్తులో చుక్క ఉందో లేదో తెలియడం లేదు. ఆ నెలలో నేను దిద్ది పంపిన ఒక పాఠం వెనక్కి వచ్చింది. ఒకే పేజీలో మూడు చోట్ల ‘అర్థవృత్తం’ అలాగే వదిలేశాను. పన్నెండేళ్ల పనిలో అలా ఎప్పుడూ జరగలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ముందు నా కళ్లనే అనుమానించాను. కళ్లద్దాల షాపులో పరీక్ష చేసి, ‘పవర్ ఏం మారలేదమ్మా’ అన్నారు. ఎస్పీ రోడ్డులో ఒక షాపుకు తీసుకెళ్తే స్క్రీన్ మార్చాలన్నారు. మార్చలేదు. తర్వాత వారం రోజులు ఫాంట్ల మీద పడ్డాను. నోటో సాన్స్ తెలుగు తీసి లోహిత్ పెట్టాను, ట్వీక్స్ అనే సెట్టింగ్‌ల ప్రోగ్రామ్‌లో అక్షరాల అంచులను సరిచేసే హింటింగ్ తగ్గించాను, పెంచాను, అంచులను నునుపు చేసే యాంటీ ఏలియాసింగ్ మార్చాను. మార్చిన ప్రతిసారీ లాగౌట్ అయి, మళ్లీ లోపలికొచ్చి, అదే పేజీ తెరిచి, అదే ఒత్తు వైపు చూసేదాన్ని. ఏం మారలేదు.

పక్క ఫ్లాట్‌లో ఉండే అనంతపురం అబ్బాయి ఒక సాయంత్రం వచ్చి చూసి, “అక్కా, ఫైల్ పేర్లలో అక్షరాలు బానే ఉన్నాయి కదా?” అన్నాడు. నిజమే. ఫైల్ మేనేజర్‌లో ‘అర్థం’ సూదితో గీసినట్టు ఉంది. నేను ప్రూఫు దిద్దే యాప్‌లోనే మసక. ఇన్నాళ్లూ ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలని నాకు తోచలేదు.

అప్పుడు వాడు ఎక్స్‌ఐస్ అనే చిన్న ప్రోగ్రామ్ నడిపించాడు. తెర మీద రెండు కళ్లు వచ్చాయి, మౌస్ ఎటు పోతే అటు చూడాలి అవి. ఫైల్ మేనేజర్ మీద మౌస్ తిప్పితే ఆ కళ్లు కదల్లేదు. నా ప్రూఫు విండో మీదికి తేగానే గిర్రున తిరిగాయి. ఎక్స్‌ఐస్ కూడా ఎక్స్11 అనే పాత పద్ధతిలో విండోలు గీసే ప్రోగ్రామే, ఆ పద్ధతి విండోల మీద ఉన్నప్పుడే దానికి మౌస్ కనిపిస్తుంది. నా యాప్ కూడా ఆ పాత పద్ధతిలోనే నడుస్తోందన్నమాట. ఎక్స్11 వచ్చింది 1987లో. ఇప్పటి డెస్క్‌టాప్ నడిచేది వేలాండ్ అనే కొత్త పద్ధతి మీద. పాత యాప్‌లను ఎక్స్‌వేలాండ్ అనే వారధి మీదుగా నడిపిస్తుంది. ఆ దారిన వచ్చిన విండోను 100 శాతంలోనే గీసి, తర్వాత బొమ్మలా సాగదీస్తుంది. 125 అంటే నాలుగు పిక్సెళ్ల బొమ్మను ఐదు పిక్సెళ్ల చోటికి సర్దడం. ఐదో పిక్సెల్‌కు రంగు పక్కవాటి నుంచి కలిపి తేవాలి. ఒక్క పిక్సెలంత చుక్క ఆ కలపడంలోనే కరిగిపోయింది.

ఆ యాప్ ఎలక్ట్రాన్ మీద కట్టింది, అంటే లోపల బ్రౌజర్‌తో నడిచే రకం. దాన్ని తెరిచే కమాండ్ చివర ఓజోన్ ప్లాట్‌ఫామ్ హింట్ అన్న ఆప్షన్‌ను ఆటో అని చేర్చాం, అంతే. దాంతో యాప్ నేరుగా వేలాండ్‌లో నడుస్తుంది. యాప్ మళ్లీ తెరుచుకుంది. ‘అర్థం’ ఒత్తులో చుక్క, నల్లగా, గుండ్రంగా! వెనక్కొచ్చిన పేజీనే తెరిచి చూశాను, మూడు తప్పులూ ఎదురుగా కనిపించాయి. నాకు కళ్లనీళ్లు తిరిగాయి.

ఇంకో మాట కూడా చెప్పాలి. చుక్క వచ్చింది గానీ, మర్నాడు అదే యాప్‌లో తెలుగు టైప్ కాలేదు. నేను ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టే పద్ధతి వాడతాను, అది ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రామ్ ద్వారా వస్తుంది. యాప్ వేలాండ్‌లోకి మారాక నా దగ్గరున్న వెర్షన్‌లో ఆ దారి మూసుకుపోయింది. ఒక్కో మీటకు ఒక్కో తెలుగు అక్షరం ఉండే ఇన్‌స్క్రిప్ట్ మాత్రం మామూలు కీబోర్డ్ లేఅవుట్ కాబట్టి పనిచేసింది. రెండు వారాలు కూర్చుని ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకున్నాను. ప్రూఫు పనిలో టైపింగ్ తక్కువ కాబట్టి సాగింది. రోజంతా రాసేవాళ్లకు అంత సులువు కాకపోవచ్చు.

స్కానర్‌తో వచ్చిన పాత ప్రోగ్రామ్ ఈ దారికి రాదు, అది ఈరోజుకీ మసకే. ఉబుంటు తెర మీద కనిపించే డెస్క్‌టాప్ పేరు గ్నోమ్. 2024 సెప్టెంబర్‌లో వచ్చిన గ్నోమ్ 47లో ఇలాంటి పాత యాప్‌లు తమంతట తామే పెద్దగా గీసుకునే సౌకర్యం ప్రయోగాత్మకంగా పెట్టారు. 24.04లో ఉన్నది గ్నోమ్ 46. పని మధ్యలో సిస్టమ్ మార్చే ధైర్యం లేక ఆగాను.

తెలుగు చదవడానికి ఇంతకంటే మంచిది లేదని మొదట్లో మా తమ్ముడితో అన్నాను. ఇప్పుడు వాడు నాన్న ల్యాప్‌టాప్‌లో కూడా పెట్టనా అని అడుగుతున్నాడు. నాన్న పేపర్ బ్రౌజర్‌లోనే చదువుతారు, తెర పెద్దది, 100 శాతం చాలు. పెట్టమన్నాను. నాతోటి ప్రూఫు దిద్దేవాళ్లు అడిగితే మాత్రం ముందు 125 శాతం పెట్టి, తాము రోజూ వాడే యాప్‌లోనే ‘అర్ధం’, ‘అర్థం’ పక్కపక్కన కొట్టి చూసుకోమంటున్నాను.