దుమ్ముకు ఏది మేలు: చీపురా, తడిగుడ్డా, వ్యాక్యూమ్ క్లీనరా, ఎయిర్ ప్యూరిఫయరా?

చలికాలం వచ్చిందంటే బంధువుల్లో, స్నేహితుల్లో ఎవరు పలకరించినా మాట చివరికి ఇక్కడికే వస్తోంది: “ఎయిర్ ప్యూరిఫయర్ కొంటే ఇంట్లో దుమ్ము తగ్గుతుందా? ఆ డబ్బు పెట్టి వ్యాక్యూమ్ క్లీనర్ కొంటే మేలా?” హైదరాబాద్‌లో కోకాపేట, నార్సింగి వైపు కొత్త ఫ్లాట్లలోకి మారినవాళ్లయితే మరీనూ. ఎదురుగా ఇంకో టవరు లేస్తూ ఉంటుంది. పొద్దున తుడిచిన టీపాయ్ మీద సాయంత్రానికి వేలితో పేరు రాయవచ్చు. మేమూ ఈమధ్యే ఇల్లు మారి ఈ విషయం తేల్చుకోవలసి వచ్చింది. అడిగినవారందరికీ విడివిడిగా చెప్పే బదులు నా ఆలోచన ఇక్కడ పెడుతున్నాను.

ధర, కరెంటు, చప్పుడు అన్నీ చూడవలసినవే. కానీ నా దృష్టిలో అసలు సంగతి ఒక్కటే: దుమ్ము రేణువు గాలిలో ఎంతసేపు తేలుతుంది? గాలి కదలని గదిలో, మనిషి ముక్కు ఎత్తు నుంచి, అంటే సుమారు మీటరున్నర నుంచి, 50 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) రేణువు అర నిమిషంలోపే నేలకు దిగుతుంది. 10 మైక్రాన్లదానికి ఎనిమిది, తొమ్మిది నిమిషాలు పడుతుంది. 2.5 మైక్రాన్లదానికి రెండు గంటలు. ఒక్క మైక్రాన్ రేణువైతే దాదాపు సగం రోజు అలా తేలుతూనే ఉంటుంది. తల వెంట్రుక మందం 50 నుంచి 70 మైక్రాన్లు ఉంటుందని గుర్తు పెట్టుకుంటే ఇవి ఎంత సన్నవో తెలుస్తుంది. ఫ్యాను తిరుగుతుంటే ఈ సమయాలు ఇంకా పెరుగుతాయి.

కాబట్టి ఇంట్లో ఉన్నది ఒక రకం దుమ్ము కాదు, రెండు రకాలు. టీవీ మీద, అల్మరా మీద పొరలా పేరుకునేది ఒకటి. అందులో బట్టల నూలు, చర్మపు పొలుసులు, వీధి మట్టి, సిమెంటు ఉంటాయి. అది త్వరగా కిందికి దిగిపోయే రకం. రెండోది కంటికి ఆనదు, ఊపిరితిత్తుల లోతు దాకా పోతుంది. పొగలో ఉండేది ఎక్కువగా ఇదే. మొదటిదాన్ని వదిలించే సాధనం వేరు, రెండోదాన్ని పట్టే సాధనం వేరు. ప్యూరిఫయర్ కొని, “టీపాయ్ మీద దుమ్ము అలాగే ఉందండీ” అని నిరాశపడేవారికి జరుగుతున్నది ఇదే. ఆ దుమ్ము మూలన ఉన్న యంత్రం దాకా వెళ్లేలోపే కింద పడిపోతుంది.

ముందు చీపురు సంగతి చూద్దాం, ఎందుకంటే మిగతా మూడింటి పనినీ పాడు చేయగలిగేది అదే. మన ఇళ్లలో వాడే కొండచీపురు పాడేరు, అరకు వైపు కొండల్లో పెరిగే గడ్డి. గిరిజన సహకార సంస్థ ఏటా గిరిజనుల నుంచి కొంటుంది. మెత్తగా ఉంటుంది, మూలల్లోకి పోతుంది, కరెంటు అక్కర్లేదు. దాని మీద నాకు ప్రేమే ఉంది. అయితే కొత్త చీపురు తెచ్చిన మొదటి వారం దాని నుంచే పొడి రాలుతుంది, ఊడ్చినకొద్దీ నేల మీద లేత గోధుమరంగు నూగు మిగులుతుంది. బయట గోడకు గట్టిగా కొట్టి, దువ్వెనతో దువ్వి వాడితే కొంత నయం.

అసలు ఇబ్బంది అది కాదు. తూర్పు కిటికీలోంచి ఎండ పడే గదిలో ఫ్యాను ఆపి, రెండుసార్లు చీపురు ఆడించి చూడండి. ఎండపట్టెలో నలకలు మెలికలు తిరుగుతూ మంచం ఎత్తు దాటి, ఊడ్చే మనిషి ముఖం దాకా లేస్తాయి. కాసేపటికి పెద్దవి దిగిపోతాయి. సన్నటి మెరుపులు మాత్రం అక్కడక్కడే తచ్చాడుతుంటాయి. చేటలోకి ఎత్తిన చెత్త మనకు కనిపిస్తుంది కాబట్టి ఇల్లు శుభ్రమైందనుకుంటాం. నేల మీద నిద్రపోతున్న సన్నటి దుమ్మును లేపి గాలిలో కలిపిన సంగతి మన లెక్కలోకి రాదు. ఊడ్చేవారి ముక్కు అందరికన్నా నేలకు దగ్గరగా ఉంటుంది. చాలా ఇళ్లలో ఆ మనిషి మన ఇంటితో పాటు ఇంకో మూడు నాలుగు ఇళ్లు ఊడ్చే పనావిడ. మన ఇంటి గాలి గురించి ఇంత ఆలోచిస్తున్నప్పుడు ఆవిడ పీల్చే గాలి గురించీ ఆలోచించాలి. సంక్రాంతి ముందు బూజు దులిపే రోజున ఆవిడకు మంచి మాస్కు ఇవ్వడం మన బాధ్యత.

చీపురు తప్పదనుకుంటే ఫ్యాను ఆపండి, కిటికీలు తెరవండి, విసురుగా కాకుండా నేలకు ఆనించి నెమ్మదిగా లాగండి. ఊడ్చిన వెంటనే బల్లలు తుడవకుండా ఓ పావుగంట ఆగండి. లేచిన దుమ్ములో బరువైనది దిగడానికి ఆమాత్రం సమయం కావాలి.

నా ఓటు తడిగుడ్డకే. మట్టి వాకిలి ఊడ్చే ముందు నీళ్లు చిలకరించేవారు మన పెద్దలు. తడి తగిలిన రేణువు పక్కదానికి అతుక్కుని బరువెక్కుతుంది, ఇక లేవదు. పాశ్చాత్య దేశాల ఇళ్లలో తివాచీలు ఎక్కువ కాబట్టి అక్కడ వ్యాక్యూమ్ క్లీనర్ లేకుండా గడవదు. మన ఇళ్లలో నేలంతా టైల్స్, గ్రానైట్, మార్బుల్, లేదంటే నాపరాళ్లు. ఇంత నున్నటి నేలకు తడిగుడ్డను మించిన యంత్రం ఇంకా రాలేదని నా గట్టి నమ్మకం. కాకపోతే అందరూ చేసే తీరులో ఒక లోపం ఉంది: ఒకే బకెట్ నీళ్లతో ఇల్లంతా తుడవడం. మూడో గదికి వచ్చేసరికి నీళ్లు బురదరంగులోకి మారతాయి. ఆ నీరు ఆరాక అందులోని మట్టి నేల మీదే పలచటి పొరగా మిగిలి, కాళ్ల కింద నలిగి మళ్లీ దుమ్మవుతుంది. నల్ల గ్రానైట్ మీద ఆ తెల్లటి చారలు స్పష్టంగా కనిపిస్తాయి. గదికోసారి నీళ్లు మార్చండి, మాపును గట్టిగా పిండండి. ఫినాయిల్ వాసనకూ దుమ్ముకూ సంబంధం లేదు.

వెంట్రుకలు, నూలు ఉన్న నేల మీద నేరుగా తడి మాపు పెడితే అవి ఉండలు కడతాయన్నది నిజమే. అందుకు మేము ఎంచుకున్న దారి ఇది: వెడల్పుగా ఉండే మైక్రోఫైబర్ మాపును ముందు పొడిగా ఒకసారి లాగుతాం, ఆ గుడ్డను విడిగా ఉతుకుతాం, తర్వాత తడి మాపు. ఆ పొడి గుడ్డకు దుమ్ము అంటుకుంటుందే తప్ప చీపురు తగిలినట్టు ఎగరదు. మా ఇంట్లో పనిచేసే ఆవిడకు ఇది మొదట నచ్చలేదు. “ఊడవకుండా తుడిస్తే తుడిచినట్టే ఉండదమ్మా” అంది. నడుము వంచే పని తగ్గిందని తెలిశాక ఇప్పుడు తనే చీపురు ముట్టుకోవడం లేదు. బల్లలు, అలమరలు కూడా అంతే. పొడిగుడ్డతో దులపకుండా పిండిన గుడ్డతో ఒత్తి తుడవాలి. పైనుంచి కిందికి రావాలి: ముందు ఫ్యాను రెక్కలు, తర్వాత బల్లలు, చివరికి నేల. ఫ్యాను రెక్కకు పాత దిండు గలీబు తొడిగి లాగితే దుమ్మంతా లోపలే ఉండిపోతుంది. మంచం మీద రాలదు.

మరి వ్యాక్యూమ్ క్లీనర్ దండగా? కాదు. తడిగుడ్డ పనిచేయని చోటే దాని విలువ: పరుపు, సోఫా, కిటికీ పట్టాల సందులు, దోమల జాలీ. ముఖ్యంగా పరుపు. అందులో చేరే దుమ్ము పురుగులు కంటికి కనిపించవు. అలర్జీకి ముఖ్య కారణం వాటి రెట్టలు, చచ్చిన పురుగుల తునకలు. గాలిలో తేమ 50 శాతం దాటితే ఇవి బాగా పెరుగుతాయి కాబట్టి విశాఖ, కాకినాడ వంటి తీర పట్టణాల వారికి ఈ బెడద హైదరాబాద్ వారికన్నా ఎక్కువ. దుప్పట్లు, గలీబులు వారానికోసారి 55 డిగ్రీలు దాటిన వేడినీళ్లలో ఉతకాలి. పరుపును మండుటెండలో వేసే పాత అలవాటు తేమను తీసి పురుగులను తగ్గిస్తుంది. చచ్చినవాటినీ, రెట్టలనూ తీయడానికి మాత్రం వ్యాక్యూమ్ కావాలి.

కొనేటప్పుడు వాట్ల సంఖ్య చూసి మోసపోకండి. వెనక నుంచి బయటికి వచ్చే గాలి హెపా ఫిల్టరు, అంటే అతి సన్నటి రేణువులను కూడా పట్టే ఫిల్టరు, దాటి వస్తోందా అన్నది అడగండి. అది లేని యంత్రం ముందు పీల్చిన సన్నటి దుమ్మును వెనక నుంచి గదిలోకే ఊదుతుంది. అప్పుడు చీపురుకూ దానికీ పెద్ద తేడా ఉండదు. సంచి లేని రకమైతే డబ్బాను ఇంటి బయటే ఖాళీ చేయాలి. వంటింటి చెత్తబుట్టలో దులిపితే పడిన శ్రమలో సగం వృథా.

ఇక ఎయిర్ ప్యూరిఫయర్. కిందికి దిగని సన్నటి రేణువుల దగ్గర దానికి సాటి లేదు. అమెరికా లెక్కలో హెపా అంటే 0.3 మైక్రాన్ల రేణువుల్లో 99.97 శాతం పట్టాలి. పీఎం 2.5, అంటే 2.5 మైక్రాన్లకు మించని రేణువుల విషయంలో మన దేశ ప్రమాణం 24 గంటల సగటున ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించిన హద్దు 15. చలికాలపు ఉదయాల్లో నేల దగ్గరి గాలి చల్లగా, పైగాలి వెచ్చగా ఉండి పొగ పైకి పోలేదు. పెద్ద రోడ్డు పక్క ఇంట్లో అప్పుడు తడిగుడ్డ ఏమీ చేయలేదు, ప్యూరిఫయరే దిక్కు.

అయితే అది ఒక్క గదికే పనికొస్తుంది, అదీ తలుపులు మూసినప్పుడు. పెట్టె మీద రాసే సీఏడీఆర్ అంకె, అంటే గంటకు ఎన్ని ఘనపు మీటర్ల గాలిని శుభ్రం చేసి ఇస్తుందన్నది, తప్పక చూడండి. పన్నెండు అడుగుల పొడవు, పదకొండు అడుగుల వెడల్పు, పది అడుగుల ఎత్తు ఉన్న పడకగదిలో సుమారు 37 ఘనపు మీటర్ల గాలి ఉంటుంది. గంటకు ఐదుసార్లు ఆ గాలి ఫిల్టరులోంచి పోవాలంటే కనీసం 185 కావాలి. రాత్రి చప్పుడు లేకుండా తక్కువ వేగంలో నడిపితే ఆ అంకె బాగా పడిపోతుంది కాబట్టి రెట్టింపు సామర్థ్యం ఉన్నది తీసుకోవడం మంచిది. హాలుకూ పడకగదికీ కలిపి ఒకటి కొని మధ్యలో పెడితే రెండింటికీ న్యాయం జరగదు. ఫిల్టరు మార్చడానికి ఏటా అయ్యే రెండు మూడు వేల ఖర్చు కూడా ముందే లెక్కలో వేసుకోండి. ఓజోన్ వదిలే యంత్రాల జోలికి పోవద్దు, ఓజోన్ ఊపిరితిత్తులకు హాని చేస్తుంది.

యంత్రం కొనేముందు ఇంట్లో మనమే పెట్టుకునే పొగను చూడాలి. ఒక దోమల కాయిల్ కాలితే వెలువడే పీఎం 2.5, 75 నుంచి 137 సిగరెట్లకు సమానమని 2003లో ప్రచురితమైన పరిశోధన తేల్చింది. మూసిన గదిలో రాత్రంతా కాయిల్ పెట్టి, పక్కనే ప్యూరిఫయర్ నడపడంలో అర్థం లేదు. దోమతెర కట్టుకుంటే కాయిల్ అక్కర్లేదు. అగరుబత్తి, సాంబ్రాణి మానమని నేను చెప్పను. పూజగది కిటికీ తెరిచి, పొగ పోయేదాకా మూయకండి. తాళింపు ఘాటు విషయంలో చిమ్నీ గొట్టం ఇంటి బయటికి ఉందో లేదో చూసుకోండి. గొట్టం లేని చిమ్నీ నూనె జిడ్డును కొంత పడుతుంది, గాలిని తిరిగి వంటింట్లోకే వదులుతుంది.

మిగతావాటి గురించి రెండు ముక్కలు. ఇంట్లో మొక్కలు కంటికి హాయి, గాలి శుద్ధికి వాటి మీద ఆధారపడలేం. రోబో వ్యాక్యూమ్ రోజూ పైపైన శుభ్రం చేయడానికి బాగుంటుంది. స్ప్లిట్ ఏసీ ఫిల్టరు జాలీ ముతక దుమ్మునే ఆపుతుంది, రెండు వారాలకోసారి కడిగితే చాలు. గడప బయట ఒక పట్టా, లోపల ఒకటి వేసి, చెప్పులు బయటే వదిలితే వీధి మట్టి చాలావరకు అక్కడే ఆగిపోతుంది.

ఎంత డబ్బుంటే ఏది కొనాలని అడిగితే నా వరుస ఇది. వెయ్యి, పదిహేను వందలు ఉంటే మంచి మైక్రోఫైబర్ మాపు, అదనపు గుడ్డలు. ఆపైన ఉంటే హెపా ఉన్న వ్యాక్యూమ్. ప్యూరిఫయర్ మూడోది, అదీ పడకగదికి. ఇంట్లో ఉబ్బసం ఉన్న పిల్లలో, పెద్దవాళ్లో ఉంటే మాత్రం వరుస మారుతుంది: మాపుతో పాటే వాళ్లు పడుకునే గదికి ప్యూరిఫయర్ కొనండి, ఊడ్చేటప్పుడు, పరుపులు శుభ్రం చేసేటప్పుడు వాళ్లను వేరే గదిలో ఉంచండి. గాలి బాగుపడిందని, దగ్గు తగ్గిందని డాక్టరును అడగకుండా ఇన్‌హేలర్ ఆపేయవద్దు.