కండ్లకలకకు చూపించుకున్న కంటి క్లినిక్: వైద్యం బాగుంది, వరండా బాగోలేదు

జ్వరం, గొంతునొప్పి, వాటితో పాటే రెండు కళ్లూ ఎర్రబడి పుసి కడుతున్న మా అబ్బాయిని విజయనగరంలోని ఒక చిన్న కంటి క్లినిక్‌లో చూపించాము. జలుబుకు ఒక డాక్టరు, కంటికి ఇంకొకరు అనుకుంటూ వెళ్లిన మాకు, ఈ రెండూ ఒకే వైరస్ పని కావచ్చునని అక్కడి డాక్టరమ్మ ఓపికగా వివరించారు.

ఆమె ముందుగా చెవికి ముందువైపు నొక్కి చూసి, వాచిన గ్రంథిని మా చేత కూడా తడిమించారు. తరువాత నారింజ రంగు కొస ఉన్న కాగితపు పట్టీని కింది రెప్ప లోపల తాకించి, నీలి కాంతిలో నల్లగుడ్డును పరిశీలించారు. పొర చెదిరిన చోట ఆకుపచ్చగా మెరుస్తుందట, మావాడికి ఎక్కడా మెరవలేదు. ఇలా జలుబునూ కండ్లకలకనూ తెచ్చే అడినోవైరస్ అనే వైరస్‌లో 3, 4, 7 రకాలు గొంతునూ కంటినీ కలిపి పట్టుకుంటాయని, 8, 37 వంటి రకాలు నల్లగుడ్డు దాకా వెళ్లి నెలల తరబడి చూపు మసకబార్చే మచ్చలు మిగల్చగలవని, కోవిడ్‌లో మాత్రం కళ్లు ఎర్రబడడం కొద్దిమందిలోనే కనిపించిందని చెప్పారు. మా బావమరిదికి కోళ్ల ఫారం ఉండడంతో బర్డ్ ఫ్లూ గురించి కూడా అడిగాను. 2003లో నెదర్లాండ్స్‌లో హెచ్7ఎన్7 అనే బర్డ్ ఫ్లూ వైరస్ సోకిన 89 మందిలో అత్యధికులకు వచ్చింది కండ్లకలకేనని, పక్షుల ఫ్లూ వైరస్ అంటుకునే గ్రాహకాలు మన కంటిపొర మీద కూడా ఉంటాయని ఆమె చెప్పిన తరువాత, ఫారంలో మాస్కుతో పాటు కళ్లద్దాలు కూడా పెట్టుకోమని అతనికి ఫోన్ చేశాను.

వైరస్ మీద పనిచేయని యాంటీబయాటిక్ చుక్కలు రాయకుండా, చల్లని తడిగుడ్డతోనూ కృత్రిమ కన్నీటి చుక్కలతోనూ సరిపెట్టడం నాకు నచ్చింది. మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ చుక్కలు తెచ్చి వేయవద్దని, అది హెర్పిస్ అనే మరో వైరస్ అయితే నల్లగుడ్డుకే ముప్పని గట్టిగా హెచ్చరించారు.

ఇంత తెలిసిన చోట, బయట వరండాలో కళ్లు ఎర్రబడ్డవారినీ శుక్లాల ఆపరేషన్‌కు వచ్చిన వృద్ధులనూ ఒకే బెంచీ మీద కూర్చోబెట్టడం, దారంతో కట్టిన ఒకే పెన్నుతో అందరిచేతా రిజిస్టరులో రాయించడం మాత్రం సమర్థించలేను. అడినోవైరస్ పొడి వస్తువుల మీద వారాల తరబడి బతకగలదు. శానిటైజర్‌లోని ఆల్కహాల్ కరిగించే కొవ్వు పొర దానికి లేదు కనుక బల్ల మీది శానిటైజర్ సీసాను పూర్తిగా నమ్మడానికి వీల్లేదు, సబ్బుతో చేతులు కడుక్కోవాలి. ఆ సబ్బే చేతులు కడిగే చోట లేదు. విడిగా కూర్చోబెట్టమని కాంపౌండరును అడిగితే, “జాగా ఎక్కడుందండీ బాబూ” అన్నాడు. జాగా సంగతి నిజమే కావచ్చు గానీ, సబ్బుకు జాగా అక్కరలేదు. ఈ క్లినిక్‌కు వెళ్లేవారు పెన్నూ సబ్బూ ఇంటి నుంచే తీసుకువెళ్లడం మంచిది.