కిచెన్ స్క్రీన్ కొనబోతున్నారా? ముందు దాని గడియారం చూడండి

హోటల్ నడుపుతున్నవాళ్ళు, కేఓటీ కాగితాల (వంటింటికి పంపే ఆర్డర్ చీటీలు) గోల వదిలించుకుని వంటింట్లో స్క్రీన్ పెట్టుకుందామని చూస్తున్నవాళ్ళు డబ్బు కట్టే ముందు ఇది చదవండి. నేను 35 వేలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 41,300 ఏడాదికి సరిపడా ముందే కట్టేసి ఇప్పుడు లబోదిబోమంటున్నాను. కంపెనీ పేరు రాయను, వాళ్ళతో ఇంకా మాటలు నడుస్తున్నాయి. అయినా ఇలాంటివి అమ్మేవాళ్ళు వీళ్ళొక్కరే కాదు.

మాది విజయవాడలో చిన్న టిఫిన్ హోటల్, పన్నెండు టేబుళ్ళు, పక్కన పార్శిల్ కౌంటర్. సంక్రాంతి వెళ్ళాక ఒకబ్బాయి వచ్చి "ఆర్డర్ కొట్టిన దగ్గర్నుంచి ప్లేటు బయటికొచ్చేదాకా ప్రతి సెకనూ రికార్డవుతుంది సార్, ఎవరు ఆలస్యం చేస్తున్నారో మీకు ఇట్టే తెలిసిపోతుంది" అన్నాడు. ఆ రెండో మాటకే నేను పడిపోయాను.

పెట్టిన కొన్నాళ్ళు బాగానే ఉంది. తర్వాత స్క్రీన్ ఎర్రబడటం మొదలైంది. పన్నెండు నిమిషాలు దాటితే స్క్రీన్ మీద ఆ ఆర్డర్ టికెట్ ఎర్రగా మారేలా పెట్టుకున్నాం, చూస్తే పొద్దున్నుంచీ అన్నీ ఎరుపే. రిపోర్టులో దోశకి 14 నిమిషాలు, పెసరట్టుకి 16. నేను మా దోశ మాస్టర్ మీద ఎగిరాను, అదీ సప్లయర్ల ముందు. ఆయన మారు మాట్లాడలేదు, పెనం మీద నుంచి అప్పుడే తీసిన దోశ తెచ్చి నా ముందు పెట్టి "ఇది పెనమెక్కి ఎంతసేపయ్యిందో మీరే ముట్టుకుని చెప్పండి" అన్నాడు. మర్నాడు పనికి రాలేదు.

అంతటితో ఆగానా? రిపోర్టు నమ్మి డెలివరీ యాప్‌లో తయారీ సమయం 20 నిమిషాలకు పెంచాను. దోశ ఆరు నిమిషాల్లో రెడీ, బండి అబ్బాయి వచ్చేది ఇరవై నిమిషాలకి, మిగతా సమయమంతా అది డబ్బాలో చెమటపట్టి మెత్తబడుతూ కూర్చునేది. రేటింగ్ పడిపోయింది.

చివరికి సెలవులకొచ్చిన మా మేనల్లుడిని కౌంటర్ పక్కన కూర్చోబెట్టి, ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టి, నలభై ఆర్డర్లు నోటు పుస్తకంలో రాయించాను. దోశకి ఐదారు నిమిషాలు మించలేదు. స్క్రీన్ మాత్రం ప్రతిదానికీ తొమ్మిది నిమిషాలు కలిపి చూపిస్తోంది. కారణం తెలిశాక నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు. ఆర్డర్ కొట్టిన టైము బిల్లింగ్ కంప్యూటర్ గడియారం నుంచి తీసుకుంటోంది, అయిపోయిందని నొక్కిన టైము వంటింటి ట్యాబ్ గడియారం నుంచి. కరెంటు లేనప్పుడు కంప్యూటర్ గడియారాన్ని నడిపే బటన్ బ్యాటరీ నీరసించిపోయింది, రాత్రి మెయిన్ ఆపినప్పుడల్లా గడియారం కొంచెం కొంచెం వెనకబడుతూ తొమ్మిది నిమిషాలకు చేరింది. ఇంటర్నెట్ నుంచి టైము సరిచేసుకునే సెట్టింగ్ ఆపేసి ఉంది.

"అది మీ కంప్యూటర్ తప్పు సార్" అన్నారు కంపెనీవాళ్ళు ఫోన్లో. నిజమే. కానీ నిమిషాలు లెక్కపెట్టి చూపిస్తామని డబ్బు తీసుకునే సాఫ్ట్‌వేర్, రెండు మిషన్లు ఒకే టైములో ఉన్నాయో లేదో చూసుకోవద్దా? రెండు టైములూ కంపెనీవాళ్ళ ఒకే సర్వర్ కంప్యూటర్ గడియారం నుంచి తీసుకుంటే ఈ గొడవే ఉండదు.

బ్యాటరీ మార్పించాక ఇంకోటి బయటపడింది. సోమవారం మాకు సెలవు, షట్టర్ తీయం. రిపోర్టులో సోమవారం ఇడ్లీలు అమ్ముడుపోయాయి! చూడగా చూడగా అర్థమైంది, మేం ఐదింటికే తెరుస్తాం, మంగళవారం ఐదు నుంచి ఐదున్నర దాకా అమ్మినవి సోమవారం ఖాతాలో పడుతున్నాయి. సర్వర్ రోజును యూటీసీ (ప్రపంచమంతా లెక్కకు పెట్టుకునే టైము) ప్రకారం మారుస్తోంది, మన టైము దానికంటే ఐదున్నర గంటలు ముందు, కాబట్టి వాళ్ళ అర్ధరాత్రి మనకి తెల్లవారి 5:30. ఇన్నాళ్ళూ రోజువారీ లెక్క కుదరక క్యాషియర్‌ని అనుమానించానని చెప్పడానికి సిగ్గుగా ఉంది.

నెట్ పోయినప్పుడు ఇంకా ఘోరం. కాగితం మీద నడిపించిన పదకొండు ఆర్డర్లు నెట్ వచ్చాక ఎక్కిస్తే, పదకొండూ 8:42కి వచ్చినట్టు, నిమిషంలో అయిపోయినట్టు పడ్డాయి. వాటర్ బాటిళ్ళు, కూల్‌డ్రింకులు కూడా సున్నా నిమిషాలుగా సగటులో కలుస్తాయి. అటు ఎక్కువ, ఇటు తక్కువ కలిసిపోయి నెల సగటు మాత్రం చూడముచ్చటగా ఉంటుంది, అందుకే ఇన్నాళ్ళు అనుమానం రాలేదు.

మావాళ్ళ తప్పు లేదని అనను. రద్దీలో ఎవరూ నొక్కరు, పదింటికి ఖాళీ దొరికాక ఇరవై టికెట్లు టకటకా ఒకేసారి నొక్కేస్తారు. నేను తిట్టడం మొదలుపెట్టాక ఎర్రబడకముందే, దోశ పెనం మీద ఉండగానే నొక్కేసేవాళ్ళు. దీన్ని ఏ సాఫ్ట్‌వేరూ ఆపలేదు, ప్లేటు చేతికందించే చోట ఒకడికే ఆ పని అప్పగించాలి.

కాబట్టి డెమోకి వచ్చినవాడిని ఊరికే పంపకండి. వాడి ముందే ట్యాబ్ గడియారం పది నిమిషాలు వెనక్కి తిప్పి ఒక ఆర్డర్ కొట్టండి, రిపోర్టులో ఏం పడుతుందో చూడండి. వైఫై ఆపి నాలుగు ఆర్డర్లు కొట్టి మళ్ళీ వేయండి. టేబుల్ మీద తింటున్నవాళ్ళు ఇంకో కాఫీ చెబితే పాత టికెట్ టైము మళ్ళీ సున్నా నుంచి మొదలవుతుందేమో చూడండి (మాకు అదీ జరిగింది). సగటు ఒక్కటే చూపిస్తానంటే ఒప్పుకోవద్దు, ఒక్కో ఆర్డర్ ఎప్పుడు కొట్టారు, వంటింట్లో ఎప్పుడు కనిపించింది, ఎప్పుడు నొక్కారు, విడివిడిగా ఎక్సెల్‌లో దించి ఇవ్వమనండి. అది ఇవ్వలేనివాడికి ఏడాది డబ్బు ముందే కట్టకండి, నెలనెలా కడతామనండి.

తర్వాత ఫిర్యాదు చేయొచ్చులే అనుకోకండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది కానీ, 2019 చట్టం ప్రకారం వ్యాపారం కోసం కొన్నవాళ్ళు వినియోగదారుల కిందికి రారు. సొంతంగా పని చేసుకుంటూ బతుకుదెరువు కోసమే కొనుక్కున్నవాళ్ళకి మినహాయింపు ఉందట, తొమ్మిది మంది పనివాళ్ళున్న నేను దాంట్లోకి వస్తానా అని అడిగితే తెలిసిన లాయరుగారు పెదవి విరిచారు.

మాస్టర్ ఇంటికి నేనే వెళ్ళి తప్పయిందని చెప్పాను. మూడో రోజు వచ్చాడు. వచ్చి, స్క్రీన్‌ని పెనం వైపు నుంచి పార్శిల్ కౌంటర్ వైపు తిప్పించాకే మొదటి దోశ వేశాడు.