బరోలోనా, బార్బరెస్కోనా: ఏది మేలు?

ఇటలీలో ఆల్బా పట్టణం చుట్టూ ఉన్న లాంగే కొండల్లో పుట్టే ఈ రెండు వైన్లకీ ద్రాక్ష ఒకటే, నెబ్బియోలో. ఇంకో రకం కలపడానికి వీల్లేదు. రంగు పల్చన, గ్లాసు అవతల పట్టుకున్న వేళ్లు కనిపిస్తాయి. అది చూసి తేలిక సరుకనుకుంటే పొరపాటే. ఒక్క గుక్కకే నేరేడుపండు తిన్నట్టు చిగుళ్లు పట్టేస్తాయి. ఆ వగరు ఎన్నాళ్లకు మెత్తబడుతుందన్నదే అసలు లెక్క.

నిబంధన ప్రకారం బరోలోని కనీసం 38 నెలలు మాగబెట్టాలి, అందులో 18 నెలలు చెక్కపీపాల్లో. బార్బరెస్కోకి 26 నెలలు, చెక్కలో 9 చాలు. బార్బరెస్కో తోటలు తనారో నదికి దగ్గర, కాస్త పల్లంలో ఉంటాయి. అందుకే కాయ సాధారణంగా ముందు పండుతుంది, వైన్ కూడా ముందే దారికొస్తుంది.

బరోలో కొనేటప్పుడు ఊరు చూడండి. లా మొర్రా వైపుది సువాసనగా, మెత్తగా ఉంటుంది. సెర్రలుంగ వైపుది గట్టి పిండం, పదేళ్లయినా ఆగాలి. లేతగా తెరిచి రెండు గంటలు వేరే పాత్రలో ఉంచితే వాసన విప్పుకుంటుంది గానీ, వగరు విరగదు. ఒకటి రెండేళ్లలో తాగేయాలంటే కళ్లు మూసుకుని బార్బరెస్కో తీసుకోండి.

దాచాలంటే 12–14 డిగ్రీల చల్లదనం, చీకటి కావాలి. మన వేసవిలో అటక మీద పెట్టిన సీసాలో పండు రుచి పోయి ఉడికిన వాసన మిగులుతుంది. అలాంటి చోటు లేనివాళ్లు దాచడానికని బరోలో కొనడం డబ్బు దండగ. పాత సీసాని ఒకరోజు ముందే నిలబెడితే మడ్డి అడుక్కి దిగుతుంది. తాగేటప్పుడు 16–18 డిగ్రీలుండాలి. గది వేడి 30 దాటితే ఆల్కహాల్ ముక్కుకి కొడుతుంది, కాబట్టి ముందు కాసేపు ఫ్రిజ్‌లో పెట్టండి.

రోజూ భోజనంలోకైతే ఈ రెండూ వద్దు. అదే కొండల్లో బార్బెరా అనే మరో ద్రాక్షతో చేసే వైన్‌లో పులుపు ఎక్కువ, వగరు తక్కువ. టమాటా కూరకీ, కొవ్వున్న మాంసానికీ చక్కగా సరిపోతుంది. దోల్చెత్తో అనే ఇంకో ద్రాక్ష వైన్ ముదురు రంగుది, పులుపు తక్కువ, రెండు మూడేళ్లలో తాగేయాలి. నెబ్బియోలో రుచే కావాలి, ధర తగ్గాలి అంటే సీసా మీద ‘లాంగే నెబ్బియోలో’ అని ఉన్నది వెతకండి.