వోల్టేజీ అడక్కుండా రెసిస్టర్ ఇవ్వని కొట్టు

పర్లాకిమిడి, ఛత్రపురం వైపు నుంచి ఎలక్ట్రానిక్స్ సామాను కోసం బరంపురం వెళ్ళేవాళ్ళు పాత బస్టాండు దగ్గరున్న చిన్న స్పేర్ పార్టుల కొట్టుకి ఒకసారి వెళ్ళి చూడండి, తెలుగులోనే మాట్లాడతారు.

ఎల్‌ఈడీలోకి కరెంటు ఎక్కువ పోకుండా పెట్టే రెసిస్టర్ కావాలంటే చాలాచోట్ల ఏమీ అడక్కుండా 1కె, అంటే వెయ్యి ఓములది, తీసి ఇచ్చేస్తారు. ఎల్‌ఈడీ మాడదు నిజమే, కానీ 5 వోల్టుల మీద తెల్లదానికి 2 మిల్లీ ఆంపియర్లే అందుతాయి, మసగ్గా వెలుగుతుంది. ఈ కొట్టు పెద్దాయన ముందు సప్లై ఎంత, ఎల్‌ఈడీ ఏ రంగు అని అడుగుతారు. ఎరుపు దాదాపు 2 వోల్టులు తీసుకుంటుంది, తెలుపూ నీలమూ 3 దాకా తీసుకుంటాయి, సప్లైలోంచి అది తీసేసి మిగిలినదాన్ని కరెంటుతో భాగించాలి. 9 వోల్టుల బ్యాటరీ, ఎర్ర ఎల్‌ఈడీ, 15 మిల్లీ ఆంపియర్లు అనుకుంటే 467 ఓములు వస్తుంది, కొట్లో దొరికేది 470. మామూలు 5 ఎంఎం ఎల్‌ఈడీకి 20 మిల్లీ ఆంపియర్లు దాటనివ్వకూడదు.

మా దేవుడి గదిలో తెల్ల ఎల్‌ఈడీ సోలార్ బ్యాటరీ మీద నడుస్తుందని చెప్పగానే ఆయన, "12కి లెక్క కట్టకు బాబూ, చార్జింగ్‌లో 14.4 దాకా పోతుంది" అని 680 తీశారు. నిజమే, 470 పెడితే అప్పుడు 24 మిల్లీ ఆంపియర్లు పారతాయి, పైగా పావు వాట్ రెసిస్టర్ మీద దాని కెపాసిటీకి మించి లోడు పడుతుంది. 680తో 17 దగ్గర ఆగిపోతుంది. అయినా హాఫ్ వాట్‌దే తీసుకోమన్నారు, చల్లగా ఉంటుందని.

నాకు బాగా నచ్చింది ఇంకోటుంది. నీలం రంగు మెటల్ ఫిల్మ్ రెసిస్టర్ల మీద విలువ చెప్పే రంగు గీతల్లో ఎరుపు గీతేదో గోధుమ గీతేదో ట్యూబ్‌లైటు కింద తెలిసి చావదు, అందుకని టేపులోంచి ఒకటి లాగి మల్టీమీటర్ పెట్టి చూపించారు, 677. ఆన్‌లైన్‌లో తెప్పించిన కిట్‌లో 220 అని రాసిన కవర్లో నాకు 22కె వచ్చాయి మరి.

లోపం అంటే, అన్నీ ఒకే కాగితంలో చుట్టి ఇస్తారు, ఏ విలువో రాయరు. పెన్ను పట్టుకెళ్ళి అక్కడే రాసుకోండి. హాఫ్ వాట్‌లో అన్ని విలువలూ ఎప్పుడూ ఉండవు, దూరం నుంచి వచ్చేవాళ్ళు ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరడం మంచిది.