గోల్‌బాల్ బంతి: మా బడిలో వాడి చూశాక

చూపున్న పిల్లలు, చూపు లేని పిల్లలు కలిసి ఆడటానికి ఏం కొనాలని అడిగితే ముందు ఈ బంతి పేరే చెప్తాను. నేను వ్యాయామ ఉపాధ్యాయురాలిని. మా ఏడో తరగతిలో ఒక అమ్మాయికి చూపు లేదు. ఆటల పీరియడ్‌లో గోడ పక్కన కూర్చుని మిగతావాళ్ల కేకలు వింటూ ఉండేది. తన కోసమే తెప్పించాను.

చూడటానికి బాస్కెట్‌బాల్ అంత ఉంటుంది గానీ ఎత్తితే తెలుస్తుంది బరువు, 1.25 కిలోలు. దళసరి రబ్బరు, పెద్దగా ఎగరదు. లోపల మువ్వలుంటాయి, వాటి చప్పుడు బయటికి రావడానికి ఎనిమిది రంధ్రాలు.

దీనితో ఆడే ఆటే గోల్‌బాల్, జట్టుకు ముగ్గురు. చూపున్నా లేకపోయినా అందరికీ కళ్లకు గంతలు కట్టాల్సిందే. అవతలివాళ్లు దొర్లించిన బంతిని చప్పుడును బట్టి పసిగట్టి, నేల మీద అడ్డంగా పడుకుని ఆపాలి. అసలు కొలతల్లో గోల్ వెడల్పు 9 మీటర్లు. గంతలు కట్టగానే మా క్లాసులో బాగా పరిగెత్తేవాళ్లు కూడా బంతి దాటిపోయాక చేతులు చాపారు. ఆ అమ్మాయి మాత్రం బంతి వదిలిన క్షణంలోనే ఒళ్లు తిప్పేసింది. ఇప్పుడు జట్లు వేసుకునేటప్పుడు ముందు తననే కోరుకుంటున్నారు. జాలితో కాదు, గెలవాలని. నాకు కావలసింది అదే. మరో మార్పు, గోలగోలగా ఉండే ఆ క్లాసు బంతి కదులుతుంటే ఊపిరి బిగబట్టి వింటుంది. ఈ ఆట ప్రేక్షకులకూ నిశ్శబ్దం నియమమే.

రెండో ప్రపంచ యుద్ధంలో చూపు పోయిన సైనికుల కోసం 1946లో ఈ ఆట పుట్టింది. 1976 నుంచి పారాలింపిక్స్‌లో పతకాల ఆట. టర్కీ మహిళల జట్టు రియో, టోక్యో, పారిస్ మూడు చోట్లా స్వర్ణం గెలిచింది. వాళ్ల సెవ్‌దా అల్తునొలుక్ విసురు వీడియోలో చూపిస్తే పిల్లలు నోళ్లు తెరిచారు. మా అమ్మాయికి పక్కనే కూర్చున్న స్నేహితురాలు ఒక్కో విసురూ వివరించి చెప్పింది.

లోపాలూ చెప్పాలి. చిన్న తరగతులకు ఈ బరువు ఎక్కువ, వేళ్లు నొప్పి పుడతాయి. మట్టి నేల మీద ఆడితే రంధ్రాల్లోకి దుమ్ము చేరి మువ్వల మోత మందగిస్తుంది. నున్నటి నేల ఉన్న హాలే కావాలి. ఫ్యాన్లు ఆపాలి, ఆ హోరులో బంతి వినిపించదు. మోచేతులకు, మోకాళ్లకు ప్యాడ్లు లేకుండా ఆడించొద్దు.

గంతలు, ప్యాడ్లు, టేపు, సన్నటి తాడు విడిగా కొనుక్కోవాలి. తాడు పరిచి దాని మీద టేపు అంటిస్తేనే కోర్టు గీత చేతికి తగులుతుంది, తామెక్కడున్నారో పిల్లలకు తెలుస్తుంది. బంతి కంటే ముందే అవి తెచ్చి పెట్టుకోండి.